మేనమామ తెచ్చిన సీసాలు

బాపుకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలాక కామారెడ్డిలోని మా ఇంటికి చుట్టాలెవరూ ఖాళీ చేతులతో రాలేదు. ఎల్లారెడ్డి నుంచి బస్సులో వచ్చిన మేనమామ సంచిలోంచి రెండు సీసాలు తీశాడు. యాంటీఆక్సిడెంట్ మాత్రలట. 'కీమోతోని బలం పోతది. ఇవి వేస్కుంటే బావకు తాకత్ వస్తది' అన్నాడు. వడ్లమ్మిన డబ్బులతో కొన్నాడని తర్వాత తెలిసింది.

హైదరాబాద్‌లో డాక్టరుగారికి ఆ సీసాలు చూపించాను. ఆయన కోప్పడలేదు. కీమో మందులు కొన్ని క్యాన్సర్ కణాన్ని ఆక్సీకరణతోనే దెబ్బతీస్తాయనీ, ఈ మాత్రలు ఆ కణానికే కాపు కాసే ప్రమాదం ఉందనీ చెప్పారు. కూరలు, పండ్లు మామూలుగా తినమన్నారు.

ఇంటికొచ్చి చదివాను. ఫిన్లండ్‌లో 29 వేలకు పైగా పొగతాగే మగవాళ్లపై పరీక్ష చేశారు. బీటా కెరోటిన్ మాత్రలు మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా, 18 శాతం ఎక్కువగా వచ్చిందని 1994లో తేలింది. అలాంటిదే అమెరికాలో 1996లో మధ్యలోనే ఆపేశారు. అవి జబ్బు రాకుండా ఇచ్చిన మాత్రలే, నిజమే. కానీ మా బాపు నలభై ఏళ్లు బీడీ కాల్చిన మనిషి.

మామకు ఎలా చెప్పాలి? ఫోన్ చేసినప్పుడల్లా బాపు 'వేస్కుంటున్నరా, మంచిగున్నయి' అనేవాడు. సీసాలేమో బీరువా మీద. నెల తిరక్కుండా మామ మరో రెండు సీసాలతో దిగాడు. ఇక చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదాయన.

'అయితే నేనేం తేవాలె మరి?'

'చెల్లె చేసిన జొన్నరొట్టెలు తే' అన్నాడు బాపు.