మూడు వేల లెక్క

మా నాన్నకి నరసరావుపేటలో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉంది. వైర్లు, స్విచ్చులు, ఫ్యాన్లు, పైపులు. కొట్టు చిన్నదే గానీ లెక్కలు చిన్నవి కావు. ప్రతి నెలా రెండు జీఎస్టీ రిటర్నులు వెయ్యాలి. అమ్మకాల వివరాలుండే జీఎస్టీఆర్-1 తర్వాతి నెల 11 లోపు, పన్ను కట్టే 3బి 20 లోపు.

2017లో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి మాకు ఈ పని చేసేది బాబాయ్. సొంత బాబాయ్ కాదు. ఒకప్పుడు పత్తి మిల్లులో గుమస్తా. మిల్లు మూతపడ్డాక యాభయ్యో ఏట ట్యాలీ నేర్చుకుని, ఊళ్లో పది పన్నెండు కొట్ల లెక్కలు చూస్తున్నారు. మా దగ్గర నెలకి 3,000 తీసుకునేవారు.

పోయిన దసరా సెలవుల్లో నాన్న అన్నం తింటూ అన్నారు: "వ్యాపారం డల్‌గా ఉందిరా. నువ్వు చదివేది కంప్యూటర్లేగా. ఆ లెక్కలేవో నువ్వే చూస్తే మూడు వేలు మిగులుతాయి."

ఏడాదికి 36,000. నా హాస్టల్ ఫీజులో సగం. ఎక్సెల్ వచ్చు, పైథాన్ వచ్చు, ఇంకేం కావాలి? "రెండు గంటల పని నాన్నా" అన్నాను కూడా. బాబాయ్‌కి విషయం చెప్పింది నాన్నే. నేను పక్కన ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాను. ఆయన "మంచిదే కదా, మనవాడే చూసుకుంటాడు" అని, పాస్‌వర్డ్ రాసిన కాగితం నా చేతికిచ్చి, తెప్పించిన టీ తాగకుండా వెళ్లిపోయారు.

నవంబర్లో నా సరదా తీరింది. అక్టోబర్ బిల్లులు నాన్న వాట్సాప్‌లో పంపారు. 140 ఫొటోలు. కొన్ని తలకిందులు, కొన్ని చిట్టీ కాగితాల మీద పెన్సిల్ రాతలు. కొట్టు డబ్బులూ, ఇంటి చీటీ డబ్బులూ, అత్తయ్య తిరిగిచ్చిన అప్పూ అన్నీ ఒకే యూపీఐ ఖాతాలో పడ్డాయి. ఏది అమ్మకమో తెలియదు. మధ్యలో మిడ్ ఎగ్జామ్స్. రిటర్న్ ఫైల్ చెయ్యాలంటే ఓటీపీ నాన్న ఫోన్‌కి వస్తుంది. ఆయన బేరంలో ఉంటారు. ఆయన చూసి చెప్పేలోపు టైమ్ అయిపోతుంది.

జీఎస్టీఆర్-1 వేసేసరికి 17. 3బి వేసేసరికి 26. రోజుకి 50 చొప్పున ఆరు రోజులకి 300 లేట్ ఫీజు, పైన వడ్డీ. అది నా పాకెట్ మనీతో పోయేదే. అసలు దెబ్బ వేరే.

మా దగ్గర సరుకు కొనే ఒక కాంట్రాక్టర్, మాకు కట్టిన పన్నుని తన పన్నులోంచి తగ్గించుకుంటారు. దాన్నే ఇన్‌పుట్ క్రెడిట్ అంటారు. అలా తగ్గించుకోవాలంటే మా బిల్లులు ఆయన 2బి స్టేట్‌మెంట్‌లో కనపడాలి. అది 14న తయారవుతుంది. నేను వేసింది 17న. "బిల్లు మీద టాక్సు తీసుకున్నారు, ఇక్కడేమో కనపడట్లేదు. నా డబ్బులు మీ దగ్గరెందుకండీ?" అని కొట్లో అందరి ముందూ నాన్నని అడిగారట. తర్వాతి లోడు వైరు వేరే షాపులో తీసుకున్నారు. నాన్న నన్ను ఒక్క మాటా అనలేదు. అమ్మ చెబితే తెలిసింది.

సంక్రాంతికి వెళ్లి బాబాయ్ ఇంటి ముందు నిలబడ్డాను. ఆయన అరిసెలు పెట్టించి, కళ్లజోడు తీసుకుని, "బిల్లులు పట్రా" అన్నారు, అంతే. రెండు రోజులు కూర్చున్నాం. అప్పుడు అర్థమైంది. నెలలో మా కొట్టు కోసం ఆయన పెట్టే నాలుగు రోజుల్లో మూడు రోజులు లెక్కలు రాయడానికి కాదు, కాగితాలు వెతకడానికి.

ముందు నేను కాంపోజిషన్ స్కీమ్ అన్నాను. 1.5 కోట్ల లోపు టర్నోవర్ ఉన్న వ్యాపారులు 1 శాతం పన్ను కడితే చాలు. బాబాయ్ తల అడ్డంగా ఊపారు. అందులో చేరితే బిల్లు మీద పన్ను వెయ్యకూడదు. కాంట్రాక్టర్లకి క్రెడిట్ రాదు, ఉన్నవాళ్లు కూడా పోతారు. చివరికి 5 కోట్ల లోపు వాళ్లకుండే క్యూఆర్‌ఎంపీ ఎంచుకున్నాం. ఏడాదికి 24 రిటర్నుల బదులు 8. మూడు నెలలకోసారి వేస్తే చాలు. మధ్య రెండు నెలలూ పన్ను చలానాతో 25 లోపు కట్టాలి. కాంట్రాక్టర్ల బిల్లులు మాత్రం ఆ నెలల్లో కూడా 13 లోపు ఎక్కించొచ్చు. జనవరి-మార్చి నుంచే మారాలంటే జనవరి 31 లోపు చెప్పాలి. టైముకే చూసుకున్నాం.

కొట్టుకి విడిగా ఒక ఖాతా తెరిచి, ఆ క్యూఆర్ కోడే కౌంటర్ మీద పెట్టాం. బిల్లులు తేదీ వారీగా ఒకే ఫైల్లో. కొన్న బిల్లులు 2బితో పోల్చి చూస్తే మూడు తేలాయి. హోల్‌సేలర్ మా జీఎస్టీ నంబర్‌లో ఒక అంకె తప్పు కొట్టారు. 63,000 సరుకు, 11,340 పన్ను. మాకు రావాల్సిన క్రెడిట్ అది. "ఇవి నా దాకా ఎప్పుడొచ్చాయిరా? గల్లాపెట్టె కింద ఉన్నాయి" అన్నారు బాబాయ్. ఫోన్ చేసి సరి చేయించిందీ ఆయనే.

లేస్తూ, "ఇలా ఇస్తే నాకు ఒక్క రోజు పని. 2,000 చాలు" అన్నారు.

"ఈ మాట ముందే చెప్పచ్చుగదయ్యా" అన్నారు నాన్న.

"నువ్వు నన్ను మానెయ్యమన్నావు. పని తగ్గించమని అడగలేదుగా."

నాన్న నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

మీ ఇంట్లోనూ ఒక కొట్టో, వర్క్‌షాపో ఉంటే నాలా మొదలుపెట్టకండి. లెక్కలు రాసే మనిషిని తీసేసే ముందు, ఆయన పక్కన ఒక రోజు కూర్చోండి. ఖర్చు ఎక్కడవుతోందో ఆయనకే బాగా తెలుసు. నేనిప్పుడు చేసేది చిన్న పనే. ప్రతి ఆదివారం రాత్రి నాన్న పంపిన బిల్లులు షీట్‌లో ఎక్కించి బాబాయ్‌కి పంపుతాను. నెలకి 1,000 మిగులుతోంది. మూడు వేలు కాదు.

మొన్న ఉగాదికి వెళ్తే బాబాయ్ కొట్లో కూర్చుని టీ తాగుతూ కనిపించారు. ఆ కాంట్రాక్టర్ మాత్రం ఇంకా రాలేదు.