నానమ్మ ఎత్తు 59!

"నీకు తెలీదులే అమ్మా!" ఈ మాట వినని తల్లి ఈ రోజుల్లో ఉందంటే నేను నమ్మను. కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లాణ్ణి "ఏం చేస్తున్నావురా?" అని అడగడమే ఆలస్యం, తల కూడా తిప్పకుండా ఆ ముక్క అనేస్తారు. మనమూ పోపు మాడుతోందని వంటింట్లోకి పరుగెడతాం. అయితే ఇంట్లో డబ్బు ఖర్చయ్యే సంగతి వచ్చినప్పుడు మాత్రం మనకు తెలిసి తీరాలి. ఎందుకంటారా? చెబుతాను, వినండి.

మా అబ్బాయి పాలిటెక్నిక్ రెండో సంవత్సరం. మా ఇంట్లో ఉన్నది పాత కంప్యూటర్. కొత్త ఆటలేవీ దానిమీద ఆడవు. అందుకని వాడు 1998లో వచ్చిన హాఫ్-లైఫ్ అనే ఆట పట్టుకున్నాడు. ఆ ఆటలో ఒక వెసులుబాటు ఉంది. అందులోని మనుషుల బొమ్మల బదులు మనం చేసుకున్న బొమ్మలు పెట్టుకోవచ్చు. వాటినే మోడల్స్ అంటారు. వీడు నెలన్నరపాటు కాలేజీ ల్యాబులో కూర్చుని వాళ్ళ నానమ్మ బొమ్మ చేశాడు. గళ్ళ నేతచీర, వేలుముడి, చేతికర్రతో సహా అచ్చం మా అత్తగారే! సెలవుల తర్వాత ప్రాజెక్టుగా అదే చూపించాలి.

తీరా ఇంటికొచ్చి ఆటలో పెట్టేసరికి నానమ్మ తల గది కప్పులోంచి పైకి పోయింది. పక్కనున్న మనుషులు ఆవిడ నడుము దాకా కూడా రాలేదు! బొమ్మని చిన్నది చేసే సాఫ్ట్‌వేర్ కోసం వీడు వెదకని చోటు లేదు. ఒకటి మా విండోస్‌లో ఎక్కదు, ఇంకొకటి ఎక్కినా తెరుచుకోదు. సెలవులు కాబట్టి ల్యాబుకి తాళం. దగ్గర్లోని షాపతను "ఇదింక పనికిరాదండీ, కొత్తది తీసుకోండి, 55 వేలవుతుంది" అని తేల్చేశాడు.

మా దగ్గరున్నది చీటీ పాడిన డబ్బు 60 వేలు. అది మా అత్తగారి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ కోసం దాచింది. ఆవిడ ఏమన్నారో తెలుసా? "ఈ వయసులో నేను కొత్తగా చూసేదేముందమ్మా, ముందు పిల్లాడికి కొనిపెట్టండి" అన్నారు. మా వారు ఏమీ మాట్లాడలేదు. వాడు తల దించుకున్నాడు. మీరే చెప్పండి, ఆ రాత్రి నాకు నిద్ర ఎలా పడుతుంది?

మర్నాడు పనులన్నీ ముగించుకుని, పచారీ సామాన్ల నోటుబుక్కు పట్టుకుని వాడి పక్కన కూర్చున్నాను. "నువ్వు వెదికినవన్నీ ఒక్కొక్కటే చెప్పు, రాస్తాను" అన్నాను.

పొయ్యిని బట్టి గిన్నె

ఇండక్షన్ స్టవ్ కొన్న వాళ్ళకి తెలుసు. దానిమీద అల్యూమినియం గిన్నె పెడితే వేడెక్కదు. గిన్నెలో లోపం లేదు, స్టవ్‌లోనూ లోపం లేదు. ఒకదానికొకటి పడదంతే. కంప్యూటర్ కూడా ఇంతే! ముందు మన పొయ్యి ఏమిటో తెలుసుకోవాలి. విండోస్ 7లో 'కంప్యూటర్' బొమ్మ మీద మౌస్ కుడి బటన్ నొక్కి 'ప్రాపర్టీస్' తెరిస్తే, ఏ విండోస్, 32 బిట్టా 64 బిట్టా, మెమరీ ఎంత అన్నీ అక్కడే కనిపిస్తాయి. మాది 32 బిట్, నాలుగు జి.బి. అని నోటుబుక్కులో పైన రాసుకున్నాను.

ఆ కింద నాలుగు గళ్ళు గీశాను. ఏ విండోస్ కావాలి, ఎన్ని బిట్లు, గ్రాఫిక్స్ కార్డు ఎలాంటిది ఉండాలి, ఏ రకం ఫైలు తెరుస్తుంది. ఇలా రాస్తే సగం సందేహాలు అక్కడికక్కడే తీరిపోయాయి. 64 బిట్ సాఫ్ట్‌వేర్ 32 బిట్ విండోస్ మీద నడవనే నడవదు. 32 బిట్‌ది 64 మీద మాత్రం నడుస్తుంది. మ్యాక్ వాడే వాళ్ళకి ఇంకో చిక్కు. 2019లో వచ్చిన కాటలీనా నుంచి అందులో 32 బిట్‌వి ఆడవు. లినక్స్ ఉన్నవాళ్ళు 'వైన్' అనేది పెట్టుకుంటే విండోస్ సాఫ్ట్‌వేర్లు చాలా వరకు నడుస్తాయి. ఇక విండోస్‌లో 'కంపాటిబిలిటీ' అని ఉంటుంది చూశారూ, అది పాత సాఫ్ట్‌వేర్‌ని కొత్త విండోస్‌లో నడపడానికే. కొత్తదాన్ని పాతదాంట్లో నడిపించదు.

మావాడు ల్యాబులో వాడింది బ్లెండర్. ఇది ఉచితం. 2002లో అభిమానులు లక్ష యూరోలు పోగుచేసి దీన్ని అందరి సొత్తుగా చేశారట. దీని కొత్త రకాలకి 'ఓపెన్ జి.ఎల్. 4.3' పలికే గ్రాఫిక్స్ కార్డు ఉండాలి, మాకు లేదు. కానీ 2017 నాటి 2.79 రకానికి 2.1 చాలు, అది 32 బిట్‌లోనూ దొరుకుతుంది. పాతవన్నీ వాళ్ళ సొంత సైట్లోనే భద్రంగా ఉంచారు. అందులో బొమ్మని ఎంచుకుని ఎస్ నొక్కి, 0.5 అని కొట్టి ఎంటర్ నొక్కితే సగమైపోతుంది. అయితే కొత్త బ్లెండర్‌లో చేసిన ఫైలు పాతదాంట్లో సరిగ్గా తెరుచుకోదు. మా చిక్కు అక్కడే!

టేపుకి రెండు వైపులు

"అసలు నానమ్మ ఎత్తు ఎంత పెట్టావురా?" అని అడిగాను. "టేపుతో కొలిచానమ్మా, 150" అన్నాడు. నా కుట్టుమిషను డబ్బాలోంచి తీసుకున్న టేపే. దానికి ఒకవైపు సెంటీమీటర్లు, ఇంకోవైపు అంగుళాలు ఉంటాయని మనకి వేరే చెప్పాలా! ఆ ఆటలో మనిషి నిలబడితే 72 యూనిట్లు. ఆరడుగుల మనిషికి 72 అంగుళాలు. అంటే ఒక యూనిట్టు ఒక అంగుళం లెక్కన్నమాట. టేపు తిప్పి చూస్తే 150 సెంటీమీటర్ల దగ్గర 59 అంగుళాలు ఉంది. 59ని 150తో భాగిస్తే 0.393. అంతే తగ్గించాలి!

"మరి ఎత్తు ఒక్కటే తగ్గిస్తే?" అన్నాను. "బొద్దింకలా నేలకి అతుక్కుపోతుందమ్మా, మూడు వైపులా ఒకేలా తగ్గాలి" అన్నాడు నవ్వుతూ. లడ్డూ అడ్డం రెట్టింపు చేస్తే పిండి ఎనిమిది రెట్లు పట్టడం కూడా అందుకే. పైగా బొమ్మ లోపల ఎముకలుంటాయి. పై బొమ్మని తగ్గించి ఎముకల్ని వదిలేస్తే, నడిచేటప్పుడు చేతులు రబ్బరులా సాగుతాయట. నడకలూ కదలికలూ అన్నీ కలిసి తగ్గాలి.

ఇదంతా చేసే సాఫ్ట్‌వేర్ ఏదని వెదికితే, అది మా కంప్యూటర్లో మొదటినుంచీ ఉన్న నోట్‌ప్యాడ్! బొమ్మని ఆటలోకి మార్చేముందు క్యూ.సి. అనే చిన్న చీటీ రాయాలి. మనం పచారీ కొట్టుకి రాసే చీటీ లాంటిదే. బొమ్మ పేరు రాసే వరుసకంటే పైనే డాలర్ గుర్తు, వెంటనే స్కేల్ అనే మాట, పక్కన 0.393 అని ఒక్క వరుస చేర్చాడు. ఆట తయారుచేసిన వాళ్ళే ఇచ్చిన కంపైలర్‌తో మళ్ళీ నడిపాడు. ఎముకలతో సహా నానమ్మ సరిగ్గా మిగతావాళ్ళ భుజాల దాకా వచ్చి నిలబడింది! ఖర్చు? ఒక్క పైసా లేదు.

ఆ నెలలోనే అత్తగారికి మొదటి కంటి ఆపరేషన్ అయింది. రెండోది నెల తర్వాత. పచ్చకట్టు విప్పాక మనవడు చూపిస్తే, "ఒరేయ్, నా చీరలో జరీ అంచు ఏదిరా?" అన్నారు. కళ్ళు ఎంత బాగా కనపడుతున్నాయో చూడండి!

ఒక జాగ్రత్త మాత్రం మరిచిపోకండి. విండోస్ 7కి 2020 జనవరితోనే భద్రతా సవరణలు ఆగిపోయాయి. 2025 అక్టోబరులో విండోస్ 10కీ మామూలు సహకారం ముగిసింది. అలాంటి కంప్యూటర్లో బ్యాంకు పనులు పెట్టుకోవద్దు. ఉచితమని ఊరూ పేరూ లేని సైట్లనుంచి ఏదీ దించుకోనివ్వద్దు. తయారుచేసిన వాళ్ళ సొంత సైటునుంచే తీసుకోవాలి.

"కొత్తది కొనాలి" అని ఎవరన్నా అంటే వెంటనే బీరువా తాళాలు తియ్యకండి. నోటుబుక్కులో నాలుగు గళ్ళు గీసి, పిల్లల పక్కన ఒక్క పూట కూర్చోండి. వాళ్ళకి తెలిసింది వాళ్ళు చెబుతారు, మనకి తెలిసింది మనం చెబుదాం. నిజంగానే కొనాల్సి వస్తే అప్పుడే కొందాం. ఏమంటారు?