ముందు చక్రాల్లో మూడు చప్పుళ్ళు

ప్రోగ్రామ్‌లో తప్పుంటే కంపైలర్ కనీసం లైన్ నంబరైనా చెప్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండి అదీ చెప్పదు. మోగుతుంది, అంతే. ఎక్కడ, ఎందుకు అన్నది మనమే తేల్చుకోవాలి. ల్యాబ్‌లో డీబగ్గింగ్ అంటే విసుక్కునే మిత్రులారా, ఇది మీ కోసమే.

మా మావయ్యకి పాత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ ఉంది. పాడేరు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి అల్లం, పసుపు, సీజన్‌లో కాఫీ గింజలు వేసుకుని ఘాట్ దిగి చోడవరం వైపు వస్తాడు. తారు రోడ్డు అయిపోయి మిగతా బళ్ళు ఆగిపోయే చోటికి కూడా ఇది వెళ్తుంది. అందుకే కిరాయిలు. మొన్న సంక్రాంతి సెలవులకి నేను వెళ్ళేసరికి బండి ముందు భాగం మోగుతోంది. ఒక షెడ్డులో చూపిస్తే "ముందు సెట్ మొత్తం దింపేద్దాం" అన్నారట. అంత డబ్బు చేతిలో లేదు. బాగు చేయించకుండా ఘాట్ ఎక్కితే ఊరుకోనని అత్తయ్య.

"ఎలాంటి శబ్దం మావయ్యా?" అని అడిగా. ఇంగ్లీష్ మీడియంలో పెరిగిన నా దగ్గర 'శబ్దం' అనే ఒక్క మాటే ఉంది. మావయ్య దగ్గర కిర్రు, కీచు, గలగల, టకటక, గుయ్, ధడ్ అన్నీ ఉన్నాయి. గలగల అంటే స్టెబిలైజర్ లింక్ వదులైనట్టు. కిర్రుమంటే రబ్బరు బుష్ ఎండిపోయినట్టు. ఇవి పద్యాల్లో అలంకారాలు కావు, ఎర్రర్ మెసేజ్‌లు!

మా బండిలో ఉన్నవి మూడు. నలభై దాటితే గుయ్. మట్టి రోడ్డు మలుపుల్లో టకటక. గోతిలో పడితే ఎప్పుడో ఒకసారి ధడ్. మూడూ కలిసి వినిపిస్తే ఒకే పెద్ద జబ్బులా ఉంటుంది. కాబట్టి ఒక్కోసారి ఒక్కటే మార్చి చూడాలి.

ముందు గుయ్. ఖాళీ రోడ్డు మీద గేరు న్యూట్రల్‌లో పెట్టినా ఆగలేదు, అంటే ఇంజన్ కాదు. స్టీరింగ్ కొంచెం ఎడమకి తిప్పితే పెరిగింది, కుడికి తిప్పితే తగ్గింది. ఎడమకి తిరిగితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. సో, కుడి వీల్ బేరింగ్.

తర్వాత టకటక. మెత్తటి మట్టి ఉన్న మైదానంలో, ఫోర్ వీల్‌లో, స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా తిరిగాం. తారు మీద ఇలా చేయకూడదు. పార్ట్ టైమ్ ఫోర్ వీల్‌లో ముందు, వెనక ఇరుసులు కలిసి బిగుసుకుంటాయి. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి, ఆ తేడాకి చోటుండదు కాబట్టి బండి పట్టేస్తుంది. అది రోగం కాదు, దాని స్వభావం. ముందు హబ్‌లు విడదీసి టూ వీల్‌లో అదే చుట్టు తిరిగితే టకటక మాయం. అంటే బయటి సీవీ జాయింట్. కిందకి దూరి చూస్తే రబ్బరు బూటు చిరిగి, గ్రీజు చుట్టూ చిమ్మి ఉంది.

ఇక ధడ్. వెనక చక్రాలకి రాళ్ళు పెట్టి, కింది ఆర్మ్ దగ్గర జాకీ ఎత్తి, ఎడమ చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపాను. ఊగింది. "బ్రేక్ తొక్కు మావయ్యా" అన్నా. బ్రేక్ తొక్కితే ఊగడం ఆగిందంటే బేరింగ్. ఆగలేదు. టైరు కింద గడ్డపార పెట్టి లేపితే కింది బాల్ జాయింట్ కదలడం కళ్ళారా కనిపించింది.

ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. ఆ జాయింట్ ఊడితే చక్రం పక్కకి ముడుచుకుపోతుంది. లోడుతో, ఘాట్ మలుపులో అయితే ఇంక చెప్పక్కర్లేదు. అన్నిటికన్నా గట్టిగా అరిచింది బేరింగ్. ప్రాణం తీయగలిగింది మాత్రం ఎప్పుడో ఒకసారి మోగేది.

ఉన్న డబ్బుకి వరస వేసుకున్నాం. బాల్ జాయింట్ మర్నాడే మార్పించాం. బేరింగ్ రెండు కిరాయిల తర్వాత. సీవీ జాయింట్ మార్చేదాకా హబ్‌లు విడదీసే ఉంచాలి, మట్టి రోడ్డు కిరాయిలు ఒప్పుకోకూడదు. ఆ చివరి మాటకి మావయ్య మొహం చిన్నబోయింది కానీ, "సర్లే అల్లుడూ" అన్నాడు.

ఇంకో సంగతి అత్తయ్య చెప్తే తెలిసింది. ఏళ్ళ తరబడి డీజిల్ ఇంజన్ పక్కన కూర్చుని మావయ్యకి వినికిడి తగ్గిందట. ఆ గుయ్ ఆయనకి చేతుల్లో, స్టీరింగ్ వణుకులో తెలిసేదట. టకటక సంగతి పక్క సీట్లో కూర్చున్న రైతెవరో చెప్పారట. ఆయన మాత్రం ఎవరితోనూ అనలేదు.

ఇప్పుడు హాస్టల్లో నా ఫోన్‌కి అప్పుడప్పుడు వాయిస్ మెసేజ్‌లు వస్తాయి. మాటలేం ఉండవు, బండి నడుస్తున్న చప్పుడే. కింద ఒక లైన్: "ఏటైనా మోగుతోందేటి అల్లుడూ?" ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చివరిదాకా వింటాను. ఏమీ లేకపోతే "ఏం లేదు మావయ్యా, వెళ్ళు" అని పెడతాను.