పక్క గడి

మనవాళ్ళు రామాయణ భారతాల మీద తీసినన్ని సినిమాలు జపాన్ వాళ్ళు రోబోల మీద తీసి ఉంటారు. మాటవరసకి అంటున్నాను లెండి, లెక్కపెట్టి కాదు :-) 1972లో మాజింగర్ జెడ్, 1974లో గెట్టర్ రోబో, 1977లో వోల్టెస్ ఫైవ్, 1979లో గండమ్.. ఇలా ఒకదాని వెనక ఒకటి. ఒక్కో రోబోదీ ఒక్కో కథ, ఒక్కో శత్రువు, ఒక్కో లోకం. 1991లో బాన్‌ప్రెస్టో అనే కంపెనీ వీళ్ళందర్నీ తెచ్చి ఒకే సైన్యంలో నిలబెట్టి, చేతిలో పట్టుకు ఆడుకునే గేమ్‌బాయ్ కోసం ఒక ఆట చేసింది. పేరు 'సూపర్ రోబోట్ వార్స్'. ఆ వరసలో ఇప్పటికీ కొత్త ఆటలు వస్తూనే ఉన్నాయి.

మనకిదేం వింత కాదు. కృష్ణుడూ అర్జునుడూ కొట్టుకుంటే ఎలా ఉంటుందని వ్యాసుడు అడగలేదు, మన నాటకాలవాళ్ళు అడిగారు. 1963లో కె.వి.రెడ్డిగారు దాన్నే 'శ్రీకృష్ణార్జున యుద్ధం' అని సినిమా తీస్తే ఎన్టీఆర్, ఏఎన్నార్ ఎదురెదురుగా నిలబడ్డారు. రాముడికీ ఆంజనేయుడికీ కూడా యుద్ధం పెట్టిన జాతి మనది. జపాన్ వాళ్ళు ఆ పనే రోబోలతో చేశారు, అంతే.

ఈ ఆట నాకు పరిచయమైంది 2002లో. అప్పుడు ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఓ ప్రాజెక్టు. సోమవారం పొద్దున్నే ఎడిసన్ నుంచి విమానమెక్కడం, గురువారం రాత్రికి ఇల్లు చేరడం, మధ్యలో మూడు రాత్రులు హోటల్ గది. కన్సల్టెంటు బతుకు మీకు తెలియందేముంది! మా టీంలో ఫిలిప్పీన్స్ ఆయన ఒకరు ఉండేవారు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆయన దగ్గర 2001లో వచ్చిన 'సూపర్ రోబోట్ వార్స్ ఏ' క్యాట్రిడ్జ్ ఉండేది. గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి దేశాల అడ్డు లేదు కాబట్టి జపాన్‌లో కొన్నది అమెరికా మెషీన్‌లో చక్కగా ఆడేది. ఆ మెషీన్ తెరకి వెలుగు మాత్రం ఉండేది కాదు. హోటల్ మంచం పక్కన దీపం కింద తలకాయ వంచుకుని ఆడాల్సిందే.

ఆయనకి జపనీస్ రాదు, నాకూ రాదు. కానీ వారం రోజుల్లో కటకనా అక్షరాలు పట్టుబడ్డాయి. ఎందుకంటే వాళ్ళు ఇంగ్లీషు మాటల్ని రాసే లిపి అది, పైగా వాళ్ళ పద్ధతి అచ్చం మన పద్ధతే. మాట హల్లుతో ఆగితే మనకీ తోచదు, వాళ్ళకీ తోచదు. మన అమ్మమ్మలు బస్సు, రైలు, బల్బు, బ్యాంకు అంటే వాళ్ళు హోటల్ని హోతెరు, మిస్సైల్ని మిసైరు, రైఫిల్ని రైఫురు, బీమ్‌ని బీము అంటారు. 'బీము రైఫురు' అని చదివి మొదటిసారి అర్థమైనప్పుడు నేను గట్టిగా నవ్వితే పక్క గదిలో ఉన్నాయన గోడ మీద కొట్టాడు.

ఇక ఆట సంగతి. చదరంగంలా గళ్ళ పటం ఉంటుంది. ముందు మన వంతు, తర్వాత శత్రువుల వంతు. ఎవరి మీద గురిపెడితే తగిలే అవకాశం నూటికి ఎంతో ముందే చూపిస్తుంది. దెబ్బలాటలో ఊపు వచ్చేకొద్దీ పైలట్‌కి 'కిర్యోకు' పెరుగుతుంది, అంటే మనోబలం. అది పెరిగితే గానీ పెద్ద అస్త్రాలు బయటికి రావు. వోల్టెస్ ఫైవ్ అయితే అయిదుగురు నడిపే అయిదు యంత్రాలు కలిసి ఒక రోబో అవుతుంది కాబట్టి అయిదుగురి శక్తులూ ఒక్కదానికే పనికొస్తాయి. మనది ఏదైనా కూలిపోతే చచ్చిపోదు, ఆ అంకం అయ్యాక రిపేరు ఖర్చు కట్టాలి. శత్రువుని చంపకుండా పది పాయింట్ల ప్రాణం మిగిల్చి కొట్టే 'తెకగెన్' అనే విద్య కూడా ఒకటుంది. చెయ్యి తేలిక చేసి కొట్టడమన్నమాట. మా అమ్మ నన్ను కొట్టిన పద్ధతి!

వీటన్నిట్లోకీ నాకు బాగా నచ్చింది 'సెత్తొకు' అనే ఆజ్ఞ. అంటే నచ్చజెప్పడం. ఇది ఎప్పుడూ కనబడదు. ఫలానా మనిషి ఫలానా శత్రువు పక్క గడిలోకి వెళ్ళి నిలబడినప్పుడు మాత్రమే మెనూలో వస్తుంది. 1985లో వచ్చిన జీటా గండమ్‌లో ఫోర్ అనే అమ్మాయి చచ్చిపోతుంది. ఈ వరసలోని చాలా ఆటల్లో కమీల్ అనే కుర్రాణ్ణి ఆమె దగ్గరకి పంపి మాట్లాడిస్తే బతుకుతుంది, మనవైపు వస్తుంది. ఇంకెంత గొప్ప వీరుణ్ణి పంపినా కొట్టడం ఒక్కటే వస్తుంది, మాట్లాడటం రాదు.

పైకి తేలిగ్గా ఉంది గానీ చెయ్యబోతే తెలుస్తుంది. దూరం నుంచి కుదరదు, పక్క గడిలోనే నిలబడాలి. నిలబడితే వాళ్ళ వంతు రాగానే మనల్ని కొడతారు. మనం తిరిగి కొడితే ఆ దెబ్బకి వాళ్ళు పోవచ్చు, పోతే కథ అయిపోయినట్టే. కాబట్టి తిరిగి కొట్టకుండా కాచుకోవడమో తప్పుకోవడమో చెయ్యాలి. ఒక్కసారికి వినకపోతే మరో అంకంలో మళ్ళీ వెళ్ళాలి.

ఓ రోజు భోజనాల దగ్గర ఫిలిప్పీన్స్ ఆయన వోల్టెస్ ఫైవ్ కథ చెప్పారు. బోజాన్ అనే గ్రహంలో కొమ్ములున్నవాళ్ళు దొరలు, లేనివాళ్ళు బానిసలు. భూమి మీదకి దండెత్తి వచ్చిన యువరాజు హైనెల్, భూమిని కాపాడుతున్న కెనిచీ ఒకే తండ్రి బిడ్డలు. ఆ సంగతి ఇద్దరికీ తెలియదు, కథంతా కొట్టుకుంటూనే ఉంటారు. చిట్టచివర తెలుస్తుంది, హైనెల్ చచ్చిపోతాడు. ఫిలిప్పీన్స్ డబ్బింగ్‌లో హైనెల్ పేరు జార్డోజ్, ఆయన చివరిదాకా అలాగే పిలిచారు. 1979లో, ఇంకొన్ని భాగాలే మిగిలున్నాయనగా, మార్కోస్ ప్రభుత్వం హింస ఎక్కువని చెప్పి దాన్ని ఆపేసింది. చివర్లో బానిసలు తిరగబడి చక్రవర్తిని దించేస్తారు కాబట్టే ఆపించారని ఆయన తరం వాళ్ళు అనుకుంటారు. ఆ చివరి భాగాల్ని 1999లో సినిమాగా కూర్చి అక్కడి హాళ్ళలో వేశాక, ఈయన టేపు తెప్పించుకుని చూశారట. "అన్నదమ్ములు ఒకళ్ళనొకళ్ళు గుర్తుపట్టారో లేదో తెలుసుకోవడానికి నాకు ఇరవయ్యేళ్ళు పట్టింది" అన్నారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత రెండేళ్ళకే మా ఇంట్లో అన్నదమ్ములు మాటలు మానేశారు.

మాది అద్దంకి దగ్గర పల్లెటూరు. తాతయ్య పోయాక పంపకాల్లో బోరు బాబాయి వాటాలోకి వెళ్ళింది. నీళ్ళు ఇద్దరూ వాడుకోవాలన్నది నోటిమాట, కాగితం లేదు. 2004 ఫిబ్రవరిలో మోటారు కాలిపోయింది. వైండింగు డబ్బులు ఎవరు పెట్టాలన్న దగ్గర మాటామాటా పెరిగింది. ఈలోగా ఆఖరి తడి అందక నాన్న చేలో మిర్చి ఎండిపోయింది. ఆ రోజు నుంచి ఏడేళ్ళు ఇద్దరి మధ్యా మాటల్లేవు. గోడకి ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు. నేను ఆదివారం ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేసేవాణ్ణి. బాబాయి అన్నీ మాట్లాడి, పెట్టేసే ముందు "మీ నాన్నకి షుగర్ ఎలా ఉందిరా?" అని అడిగేవాడు. పదడుగుల దూరంలో ఉన్న మనిషి గురించి న్యూజెర్సీ మీదుగా!

2006లో మూడు వారాలు సెలవు పెట్టి వెళ్ళాను. నాన్న "వాడి పేరెత్తకు" అన్నాడు. బాబాయి కాఫీ ఇప్పించి "నువ్వు అమెరికా కబుర్లు చెప్పరా, ఇవన్నీ నీకెందుకు" అన్నాడు. నేను పెద్దవాళ్ళ మధ్య చిన్నవాణ్ణి, పైగా ఒకరి కొడుకుని. నా మెనూలో ఆ ఆజ్ఞ లేదు.

అది ఉన్నది మా అత్తయ్యకి, వాళ్ళిద్దరికీ అక్కకి. 2009 నుంచీ ప్రతి సంక్రాంతికీ వచ్చి, రెండు రోజులు మా ఇంట్లో, రెండు రోజులు బాబాయి ఇంట్లో ఉండేది. "నువ్వు వాడి పక్షం" అని నాన్న అరిచేవాడు, "నీకు అన్నయ్యంటేనే ప్రేమ" అని బాబాయి అరిచేవాడు. రెండు చోట్లా వినేది, ఒక్క మాట తిరిగి అనేది కాదని అమ్మ చెప్పింది. 2011 మే నెలలో మనవరాలి ఓణీల ఫంక్షన్‌లో నాన్న బంతిలో కూర్చున్నాక నేతి గిన్నె బాబాయి చేతికిచ్చి "ఒరే చిన్నోడా, అన్నయ్యకి నెయ్యి వెయ్యి" అందట. బాబాయి కాసేపు నిలబడి, వంగి వేశాడట. నాన్న "చాలు" అన్నాడట. ఏడేళ్ళ తర్వాత మొదటి మాట అదే. ఆ శ్రావణానికల్లా ఇద్దరూ కలిసి కొత్త మోటారు వేయించారు.

2020లో అత్తయ్య పోయింది. విమానాలు తిరగని రోజులు, నేను ఇక్కడ, బాబాయి కొడుకు మెల్‌బోర్న్‌లో, ఇద్దరం ఫోన్‌లోనే చూశాం.

ఇప్పుడు నాన్నకి ఎనభై రెండు, బాబాయికి డెబ్భై అయిదు. సాయంత్రం ఒకే అరుగు మీద కూర్చుంటున్నారు. బోరుకి మాత్రం ఇప్పటికీ కాగితం లేదు. రేపు ఆ పొలాలు వచ్చేది నాకూ తమ్ముడికీ. మా ఇద్దరికీ ఇంతవరకూ ఏ పేచీ లేదు. కానీ నాన్నకీ బాబాయికీ కూడా మోటారు కాలిపోయేదాకా ఏ పేచీ లేదు కదా. మా మధ్య గోడ కూడా లేదు, సముద్రాలున్నాయి. అత్తయ్య లాంటి మనిషి మా తరంలో ఎవరూ లేరు.

పోయిన నెల తమ్ముడు "బోరు సంగతి ఏం చేద్దాం అన్నయ్యా?" అని మెసేజ్ పెట్టాడు. జవాబు రెండుసార్లు టైపు చేసి తీసేశాను. వాట్సాప్‌లో తేలే విషయం కాదిది. ఫోన్ చేసి "సంక్రాంతికి ఇద్దరం ఒకేసారి వెళ్దాంరా" అన్నాను. "నేనూ అదే అనుకుంటున్నా" అన్నాడు. టికెట్లు తీసుకున్నాం. నాన్ననీ బాబాయినీ తీసుకుని నలుగురం గట్టు మీద నిలబడి నీళ్ళ లెక్క మాట్లాడుకుని, కాగితం రాయించుకుని వద్దామని. వాళ్ళు అరిస్తే అరుస్తారు. విందాం, తిరిగి అనొద్దు అని ముందే ఒప్పందం చేసుకున్నాం.