ఇచ్చిపుచ్చుకోవడాలు

అరువు సొమ్ము బరువు చేటు అన్నారు పెద్దలు. ఆ పెద్దలు ఇప్పుడుంటే ఏమనేవారో గాని, అరువుకీ అద్దెకీ ఇంత మర్యాద జరిగిన కాలం ఇదివరకెన్నడూ లేదు. కారు అద్దెకి, గది అద్దెకి, సైకిలు అద్దెకి, ఆఖరికి పెళ్ళిలో కట్టుకునే లెహంగా కూడా అద్దెకే! ఫోను మీద వేలు కదిపితే చాలు, వస్తువు గుమ్మంలో ఉంటుంది. ఈ ఏర్పాటుకి షేరింగ్ ఎకానమీ అని ఒక గొప్ప పేరు. ఒక వస్తువుని పదిమంది వాడుకుంటే మిగతా తొమ్మిదీ తయారు చెయ్యక్కర్లేదు, భూదేవికి ఆ మేరకు బరువు తగ్గుతుంది, కాబట్టి పర్యావరణానికి ఇది ఎంతో మంచిది అంటారు.

వినడానికి ఎంత బాగుందో చూడండి. అందులోనూ మన ఆడవాళ్ళకి మరీ బాగుంటుంది. గ్లాసుడు పంచదార దగ్గర్నించి పట్టుచీర దాకా ఇచ్చిపుచ్చుకోవడం మనకి తెలిసిన విద్యే కదా!

నా చిన్నతనంలో, అంటే 1980ల్లో, మా వీధి మొత్తానికి ఒక్కటే టీవీ. 1987లో ఆదివారం పొద్దున్న రామాయణం వస్తోందంటే పిల్లా పెద్దా అందరం ఆ ఇంటి హాల్లో చాపల మీద ఉండేవాళ్ళం. ఫోనూ అంతే. వీధిలో ఎవరి శుభలేఖ చూసినా ఆ ఇంటి నంబరే, పక్కన పి.పి. అని. పెళ్ళొస్తే గుండిగలు, గంగాళాలు అద్దెకి వచ్చేవి. ఇక అద్దె పుస్తకాల కొట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక్క నవలని అట్ట ఊడి, చివరి పేజీ చిరిగి, కథానాయిక ఎవర్ని పెళ్ళి చేసుకుందో తెలియకుండా పోయేదాకా ఊరంతా చదివేవారు. ఇప్పుడు రచయిత్రిగా తల్చుకుంటే గుండె కలుక్కుమంటుంది గాని, చెట్ల తరపునించి చూస్తే అంతకన్నా పుణ్యకార్యం లేదు.

ఆ పంచుకోవడంలో రెండు విశేషాలున్నాయి. ఒకటి, వస్తువు ఎక్కడినించో రాదు. నడిచి వెళ్ళి తెచ్చుకునేంత దూరంలోనే ఉంటుంది. రెండోది, దాన్ని ఇంకా ఇంకా వాడమని మనల్ని వెనకనించి తోసేవాళ్ళు లేరు. టీవీ ఉన్న పిన్నిగారైతే మేం ఎప్పుడు లేచి వెళ్ళిపోతామా అని చూసేవారు కూడా!

కొత్త పద్ధతిలో ఈ రెండూ తారుమారయ్యాయి.

చైనాలో ఏం జరిగిందో చూడండి. 2014లో ఓఫో అనే కంపెనీ పుట్టింది. పసుపుపచ్చ సైకిళ్ళు వీధుల్లో పెట్టి, ఎక్కడ కావాలంటే అక్కడ ఎక్కండి, ఎక్కడ కావాలంటే అక్కడ దిగండి అంది. పోటీగా ఇంకొన్ని కంపెనీలు వచ్చాయి. నువ్వా నేనా అంటూ జనానికి కావలసినదానికంటే ఎన్నో రెట్లు కొత్త సైకిళ్ళు దింపాయి. 2017, 2018 వచ్చేసరికి షియామెన్ లాంటి నగరాల్లో పనికిరాని సైకిళ్ళు మైదానాల నిండా గుట్టలు పడ్డాయి. 2018 చివర్లో ఓఫో దివాలా అంచుకి చేరితే, డిపాజిట్లు కట్టినవాళ్ళు లక్షల్లో వరస కట్టారు. పక్కింట్లో ఊరికే పడివున్న సైకిలు అడిగి తెచ్చుకోవడం వేరు, పంచుకోవడానికని కోట్ల డబ్బు పోసి కొత్తవి తయారుచెయ్యడం వేరు.

బట్టల కథ మనకి ఇంకా దగ్గరది. 2021లో ఫిన్లండ్ పరిశోధకులు కొందరు ఒక జీన్స్ ప్యాంటుకి జాతకం వేశారు. కొని ఎక్కువకాలం తొడుక్కోవడం, ఇంకొకరికి అమ్మడం, కరిగించి మళ్ళీ బట్ట చెయ్యడం, అద్దెకి తెచ్చుకోవడం ఇలా ఒక్కొక్కటీ లెక్కగట్టారు. అన్నిట్లోకీ మంచిది, ఉన్నదాన్నే ఎక్కువకాలం తొడుక్కోవడం. అన్నిట్లోకీ చెడ్డది, ఆశ్చర్యపోకండి, అద్దెకి తెచ్చుకోవడం! తేవడానికీ తిరిగి ఇవ్వడానికీ బండిమీద తిరిగే తిరుగుడు ప్యాంటుని మించిపోయింది. మా వదినగారి బీరువాలోంచి నడిచి తెచ్చుకున్న పట్టుచీరకి ఈ దోషం అంటదు.

ఇక క్యాబ్‌లు. మా వారి కారుకి పన్నెండేళ్ళు నిండాయి. "అమ్మేద్దాం నాన్నా, మళ్ళీ కొనద్దు. క్యాబ్ ఉందిగా, పర్యావరణానికీ మంచిది" అంటుంది మా అమ్మాయి. "అర్ధరాత్రి మీ నాన్నమ్మకి ఆయాసం వచ్చి, క్యాబ్ వాడు రానంటే?" అంటారు ఆయన. తీర్పు చెప్పే పని నామీద పడింది. నవలలు రాసేదాన్ని కదా, ముగింపులు నాకు అలవాటని వాళ్ళ ఉద్దేశం!

సరే, కాస్త చదివాను. క్యాలిఫోర్నియాలో ప్రభుత్వం తరపున గాలి సంగతి చూసే సంస్థ 2018 లెక్కలు తీసింది. అక్కడ ఈ యాప్ టాక్సీలు తిరిగిన ప్రతి వంద మైళ్ళలో 38కి పైగా ఖాళీగా తిరిగినవే, తర్వాతి బేరం కోసం. మనిషిని ఒక మైలు తీసుకెళ్ళడానికి అవి వదిలిన బొగ్గుపులుసు వాయువు మామూలు కార్ల సగటుకి దాదాపు ఒకటిన్నర రెట్లు. 2020లో అమెరికాలో శాస్త్రజ్ఞుల సంఘం ఒకటి ఇంకో సంగతి చెప్పింది. క్యాబ్ లేకపోతే ఆ మనుషుల్లో కొందరు బస్సెక్కేవారు, కొందరు నడిచేవారు, కొందరు ఇంట్లోనే ఉండేవారు. వాటితో పోలిస్తే క్యాబ్ సవారీ కాలుష్యం సగటున 69 శాతం ఎక్కువట. ఒకే దారిన పోయే ముగ్గురు ఒకే బండిలో సర్దుకోవడమే అసలైన పంచుకోవడం. మన దగ్గర ఉబర్ పూల్ అనీ, ఓలా షేర్ అనీ అదీ నడిచింది. 2020 మార్చిలో కోవిడ్ వచ్చి రెండూ ఆగాయి.

అలాగని అంతా మోసమే అనను. ఉత్తర అమెరికాలో ఐదు నగరాల్లో నిమిషాల లెక్కన అద్దెకిచ్చే కార్ల గురించి 2016లో ఒక పరిశోధన వచ్చింది. అలాంటి ఒక్కొక్క కారు వల్ల 7 నించి 11 సొంత కార్లు రోడ్డుమీద తగ్గాయని తేలింది. కిటుకంతా ఎక్కడుందంటే, ఆ జనం ఉన్న కారు అమ్మేశారు, లేదా కొనబోయి మానేశారు.

నాకు దొరికిన సూత్రం ఇదే. అద్దెకి తెచ్చుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: "ఇది లేకపోతే నేనేం చేసేదాన్ని?" కొనేదాన్ని అని జవాబొస్తే, పంచుకోవడం వల్ల భూమికి మేలే. బస్సెక్కేదాన్ని, పాత చీరే కట్టుకునేదాన్ని అని జవాబొస్తే మాత్రం, అది సుఖమే గాని పుణ్యం కాదు.

అందుకని నా తీర్పు చెప్పాను. కారు అమ్మేద్దాం. కాని దాని బదులు క్యాబ్ కాదు, బస్సు. క్యాబ్ అత్తగారికి ఒంట్లో బాగాలేనప్పుడూ, అపరాత్రి వేళల్లోనూ. ఆడపిల్ల రాత్రి పది దాటాక క్యాబ్ ఎక్కితే నేను తప్పుపట్టను. మా స్టాపులో వీధి దీపం వెలగదు మరి. దానికి మందు ఇంకో కారు కాదు, ఒక బల్బు. 2023 డిసెంబరులో తెలంగాణలో, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం మొదలైంది. మా ఇంట్లో పనిచేసే ఆవిడ అందులోనే వస్తుంది. క్యాబ్ ఎక్కగలిగినవాళ్ళం ఒక్కొక్కరం బస్సు దిగిపోతే, బల్బు వెయ్యమనీ, ఇంకో బస్సు నడపమనీ అడిగే గొంతులు తగ్గిపోతాయి. ఆ నష్టం మనకి కాదు, ఆవిడకి. అందరం కలిసి ఎక్కే బండికన్నా గొప్ప షేరింగ్ ఇంకేముంటుంది?

అన్నట్టు, మా అపార్ట్‌మెంట్లో నలభై ఇళ్ళున్నాయి. నిచ్చెనలు ఇరవైకి తక్కువుండవు. ఏడాదికి రెండు మేకులు కొట్టే డ్రిల్లింగు మిషన్లు ఎన్నున్నాయో ఆ భగవంతుడికే తెలియాలి. వాచ్‌మన్ గది పక్కన ఒక బీరువా పెట్టి, ఒక్కొక్కటి అందులో ఉంచి మిగతావి కొనడం మానుకుందామని సంఘంలో అడిగాను. దానికి యాప్ అక్కర్లేదు, ఒక నోటు పుస్తకం, దారంతో కట్టిన పెన్సిలు చాలు. మీరూ మీ అటక ఒకసారి చూసుకోండి. నా నవలలు మాత్రం దయచేసి కొనుక్కునే చదవండి. చదివాక పక్కింటావిడకి ఇస్తానంటారా? సరే, ఇవ్వండి. చివరి పేజీ జాగ్రత్త!