చిటికెడు ఉప్పు, పసుపు గీత

రండి, మంటకు దగ్గరగా జరగండి. ఈ చలి నెలల్లో నాగార్జునసాగర్ నీళ్ల మీదుగా వచ్చే గాలి కోసేస్తుంది. హిల్ కాలనీలో పొద్దుగూకాక చలిమంట లేనిదే కబుర్లు సాగవు. ముందు ఒక చిన్న పని చేద్దాం. వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి మంటలో చల్లండి. చూశారా, ఎర్రగా మండుతున్న చోట చిక్కటి పసుపు ఎలా లేచిందో! అది ఉప్పులోని సోడియం. మొన్నమొన్నటి దాకా మన వీధి దీపాల్లో కనిపించిన పసుపు కూడా ఇదే. ఆ పసుపు వెలుగును గాజు పట్టకంతో విడదీస్తే, ఒకదాన్నొకటి ఆనుకున్నట్టుండే రెండు సన్నటి గీతలు కనిపిస్తాయి. సోడియం ఎక్కడున్నా అవే గీతలు, అదే చోట. ఇనుముకు దాని గీతలు, కాల్షియానికి దాని గీతలు. చుక్కల గురించీ గ్రహాల గురించీ ఈమధ్య పేపర్లలో వస్తున్న వార్తల్లో చాలా భాగం ఇలా గీతలు చదివి తెలుసుకున్నవే.

ఆ చదువులో ఒక పెద్ద పాఠం మన కృష్ణా తీరంలోనే జరిగింది. 1868 ఆగస్టు 18, ఉదయం. సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ బిజాపూర్ వైపు నుంచి వనపర్తి, గుంటూరు, మచిలీపట్నం మీదుగా బంగాళాఖాతంలోకి జారిపోయింది. వనపర్తిలో మద్రాసు వేధశాల నుంచి వచ్చిన చింతామణి రఘునాథాచారి దుర్భిణి వేసుకుని కూర్చున్నారు. మచిలీపట్నంలో ఆయన పై అధికారి నార్మన్ పాగ్సన్. గుంటూరులో ఇంగ్లీషు మేజర్ టెన్నెంట్ బృందం ఒకవైపు, ఫ్రాన్స్ నుంచి వచ్చిన పియెర్ జాన్సెన్ మరోవైపు. జాన్సెన్ మకాం గుంటూరులోని ఒక ఫ్రెంచి వ్యాపారి ఇంట్లో. వనపర్తికీ గుంటూరుకీ మధ్యన ఉన్నది మనమే. అప్పటికి డ్యామూ లేదు, సాగరూ లేదు. నాగార్జున కొండ చుట్టూ లోయ, లోయలో ఊళ్లు. ఆ ఊళ్ల వాళ్లకు కూడా ఆ పూట పట్టపగలే చీకటి పడి ఉంటుంది.

గుంటూరులో ఐదు నిమిషాలకు పైగా సూర్యుడు పూర్తిగా మరుగున పడ్డాడు. ఆ కాసేపట్లో అంచున ఎగసిన ఎర్రటి జ్వాలలను జాన్సెన్ వెలుగును గీతలుగా విడదీసే వర్ణపటదర్శినితో చూశాడు. గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని పట్టుకోవచ్చని ఆయనకు అప్పటికప్పుడే తోచింది. మర్నాడు పొద్దున్నే ప్రయత్నించాడు, పట్టుకున్నాడు. ఆ జ్వాలలను చూడడానికి గ్రహణం కోసం ఏళ్ల తరబడి కాచుకోవాల్సిన పని గుంటూరులో ఆ రోజుతో తీరిపోయింది. నా మటుకు నాకు, జాన్సెన్ చేసిన అసలు ఘనకార్యం ఇదే.

హీలియంను గుంటూరులో కనిపెట్టారని మన పుస్తకాల్లో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. జరిగింది అంతకంటే రసవత్తరం. ఆ గ్రహణంలో ఒక పసుపు గీత కనబడింది. ఇందాక మన మంటలో లేచిన సోడియం పసుపే అనుకున్నారు చాలామంది. తప్పు పట్టలేం, రెండూ అంత పక్కపక్కన ఉంటాయి. అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ జాగ్రత్తగా కొలిస్తే సోడియం గీతల చోటుకూ దీని చోటుకూ పొంతన కుదరలేదు. సూర్యుడిలో భూమ్మీద తెలియని మూలకమేదో ఉందని అన్నాడు. నమ్మినవాళ్లు తక్కువ. 1895లో లండన్‌లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి వచ్చిన వాయువులో అదే గీతను చూపించే దాకా, ఇరవై ఏడేళ్లు, ఆ మాట వివాదంలోనే ఉంది. ఆ యురేనియం సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అక్కడికే వస్తాం.

ఇక ఈ కాలానికి వద్దాం. చిత్త కార్తె తెలియని రైతు మన దగ్గర ఉండడు. ఆ చిత్త నక్షత్రం జనవరిలో అర్ధరాత్రి దాటాక తూర్పున లేస్తుంది. దానికి కాస్త పడమరగా, కన్యారాశిలోనే, కంటికి ఆనని ఒక చుక్క ఉంది. పేరు వాస్ప్-107. మనకు సుమారు 200 కాంతి సంవత్సరాల దూరం. దాని చుట్టూ ఒక గ్రహం ఆరు రోజుల్లోపే ఒక చుట్టు తిరిగేస్తుంది. గురుగ్రహమంత పరిమాణం, బరువు చూస్తే గురుడిలో సుమారు పదో వంతు. వడ్లగింజ పేలితే పేలాలు ఉబ్బినట్టు, ఉన్న కొద్ది పదార్థమే అంతగా ఉబ్బిపోయింది. హబుల్ టెలిస్కోపుతో ఈ గ్రహం తన చుక్కకు అడ్డం వచ్చే సమయంలో వెలుగును కొలిచారు. ఒక ప్రత్యేకమైన పరారుణ రంగులో మాత్రం గ్రహం ఉన్నదానికంటే పెద్దదిగా కనబడింది. ఆ రంగు హీలియానిదని 2018లో ప్రకటించారు. మన సౌర కుటుంబం బయట ఒక గ్రహం మీద హీలియంను చూడడం అదే మొదటిసారి. నూట యాభై ఏళ్లు! 1868 నుంచి సరిగ్గా నూట యాభై.

తర్వాత జేమ్స్ వెబ్ టెలిస్కోపు చూసింది ఇంకా అబ్బురం. గ్రహం అడ్డం రావడానికి గంటన్నర ముందే హీలియం మేఘం వచ్చి చుక్క వెలుగును మింగుతోంది. చుక్క వేడికి ఆ గ్రహం తన వాతావరణాన్ని ఆకాశంలోకి పారబోసుకుంటోంది. ఒక గ్రహం కరిగిపోవడాన్ని మన కాలంలో కూర్చుని చూస్తున్నామంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

   

ఇప్పుడు యురేనియం సంగతి. మనకు పక్కనే ఉన్న లంబాపూర్, పెద్దగట్టు గుట్టల కింద యురేనియం ఉంది. తవ్వుతామన్నప్పుడు చుట్టుపక్కల ఊళ్లు ఎదురుతిరిగాయి. ఇంతమంది తాగే నీళ్ల ఒడ్డున ఆ పని వద్దన్న వాళ్ల భయం న్యాయమైనదేనని నా నమ్మకం. ఆ రాయి లోపల ఏం జరుగుతుందో చూడండి. దాదాపు ప్రతి యురేనియం పరమాణువూ మెల్లమెల్లగా సీసంగా మారేలోపు ఎనిమిది హీలియం కేంద్రకాలను వదులుతుంది. రామ్సేకు దొరికిన హీలియం అలా పుట్టిందే. సూర్యుడిలో ఉన్నదీ, వాస్ప్ గ్రహం నుంచి జారిపోతున్నదీ చాలావరకు విశ్వం పుట్టిన తొలి నిమిషాల్లో తయారైంది. మరి ఆ యురేనియం ఎక్కడిది? 2017 ఆగస్టు 17న 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్న అలజడి భూమికి చేరింది. ఆ ఢీ నుంచి వచ్చిన వెలుగు గీతల్లో స్ట్రాన్షియం జాడ దొరికింది. 2023లో అలాంటి మరో పేలుడులో వెబ్‌కు టెల్లూరియం గుర్తులు కనబడ్డాయి. బంగారం, యురేనియం లాంటి బరువైన మూలకాలు పుట్టే చోట్లలో ఇలాంటి ఢీ ఒకటని ఇప్పుడు శాస్త్రవేత్తలు గట్టిగా చెబుతున్నారు. అంటే లంబాపూర్ రాయిలోని ఆ పరమాణువులు సూర్యుడు పుట్టకముందటివి.

రాతి గింజల్లో చిక్కుకుపోయిన హీలియంను కొలిచి, ఆ రాయి ఎన్నాళ్ల క్రితం చల్లబడిందో లెక్కగట్టే పద్ధతి ఒకటుంది. దానికి గని తవ్వక్కర్లేదు, పిడికెడు రాయి చాలు. మిర్యాలగూడలోనో కోదాడలోనో ఇప్పుడు డిగ్రీ చదువుతున్న పిల్లల్లో ఒకరు ఆ లెక్క ఈ గుట్టల మీద చేసి, ఫలితం మనందరికీ తెలుగులో రాసి చెప్పాలని నా కోరిక.