పదునాఱు దినముల మెఱుపు

గృహకృత్యములకే ప్రొద్దు చాలకుండ మన కీ నక్షత్రముల చర్చ యేల యని కొందఱు నన్నడుగుచుందురు. తిథివారనక్షత్రములు చూచుకొని నోములు నోచు మనకు ఆకాశము పరాయిది కాదని నా యభిప్రాయము.

ఆకాశమున నొకవిధమగు రేడియో మెఱుపులు గలవు. అవి కంటికిఁ గానరావు. ఒక్కొక్కటి సెకనులో నేదో వేయవవంతు మాత్రము నిలుచును. 2007లో శాస్త్రజ్ఞులు వీనిని మొదట గుర్తించిరి. పెక్కు మెఱుపు లొక్కమాఱు మెఱసి మఱల రాలేదు. కొన్ని మాత్రము మఱలమఱల వచ్చుచుండును. అట్టివానిలో నొకదానికిఁ గాలనియమము గలదని 2020లో కెనడా దేశపు చైమ్ రేడియో దూరదర్శిని పరిశోధకులు ప్రకటించిరి. దాదాపు 50 కోట్ల కాంతిసంవత్సరముల దూరమున నున్న యా తావు 16 దినముల కొకమాఱు మేల్కొని, అయిదు దినములలోపల మెఱసి, తక్కిన దినములు మౌనము వహించును.

దీనికిఁ గారణము జంటనక్షత్రములని కొంద ఱూహించిరి. ఒకటి న్యూట్రాన్ నక్షత్రము. సూర్యునికంటె బరువైనను సుమారు 20 కిలోమీటర్ల వెడల్పునకుఁ గుదించుకొనిపోయినది. రెండవది దానికిఁ దోడైన పెద్దనక్షత్రము. ఈ జంట యొక చుట్టు తిరుగుటకు 16 దినములు పట్టును. పెద్దదానినుండి వీచు వాయుప్రవాహము తెరవలె నడ్డుపడి మెఱుపులను మ్రింగును; తెర తొలఁగిన దినములలోనే యవి మనకుఁ జేరును.

ఈ కథ నాకెంతో నచ్చినది. ఒంటరితారకంటెఁ దోడుగల తార మనసున కింపు గదా! కాని యింపైనంతమాత్రమున నిజము కాదు. తెరయే కారణమైనచో దీర్ఘతరంగము లెక్కువగా మ్రింగఁబడి, కొలఁది దినములే కానరావలెను. హాలెండు దేశమున బరీక్షింపఁగా, దీర్ఘతరంగములే యెక్కువ దినములు, కొంత యాలస్యముగ వచ్చుచున్నవని 2021లో వెల్లడియైనది. తెరకథ కిది పెద్ద దెబ్బ. ఒంటరి నక్షత్రమే బొంగరమువలెఁ దూఁగుచున్నదని మఱికొందఱ వాదము. ఐనను జంట యూహ యంతరింపలేదు. 2023 డిసెంబరులో వేఱొక మెఱుపుతావు చుట్టునున్న అయస్కాంతస్థితి హఠాత్తుగ మాఱి, రెండువారములలో యథాస్థితికి వచ్చినది. తోడునక్షత్రము విసరిన వాయుమేఘ మడ్డువచ్చియుండునని పరిశోధకు లనుచున్నారు.

ముచ్చటైన కారణము దొరకినను పరీక్ష మానని వారి యోపిక నన్ను మిక్కిలి యాకర్షించినది. బిడ్డకు జ్వరము రాఁగానే దిష్టి యని తృప్తిపడు తల్లికిని, థర్మామీటరు పెట్టి గంటగంటకు వ్రాసికొని వైద్యునికిఁ జూపు తల్లికిని గల భేద మిదియే. మన బాలికలకు రెండవ యలవాటు నేర్పుదము.